గొడుగమ్మ పెట్టిన సంతకం

అందరూ ఆమెను గొడుగమ్మ అనేవారు. వానకు పట్టే గొడుగులనుకునేరు! డబ్బున్నవాళ్ళను అంతరిక్షంలోకి తీసుకెళ్ళి తెస్తామనే కంపెనీలో, వాళ్ళు దిగివచ్చే నౌకకు కట్టే పారాచూట్లు మడతపెట్టడం ఆమె పని. ఇరవయ్యారేళ్ళుగా అదే పని. ఒక్కోదానికి పది రోజులు పడుతుంది. ఆ గదిలోకి ఉంగరాలు, గొలుసులు రాకూడదు. చొక్కా జేబుల మూతులు కూడా కుట్టేసి ఉంటాయి. మడతల్లో ఏదైనా పడితే పైన అది విచ్చుకోదు మరి.

మొదటి నలుగురు ప్రయాణికులు వెళ్ళడం అప్పటికి నాలుగుసార్లు వాయిదా పడింది. ఒకసారి ఇంధనం కారింది, ఒకసారి తలుపు సరిగ్గా మూసుకోలేదు, మిగతా రెండింటి సంగతి ఆ దేవుడికే తెలియాలి. వాయిదా పడ్డప్పుడల్లా పారాచూట్ గడువు తీరిపోయేది, ఈవిడ విప్పి మళ్ళీ మడిచేది. ఖర్చు తగ్గించాలని సగం మందిని పంపేశారు, మడతల లోపల ఏముందో చూపించే ఎక్స్‌రే యంత్రాన్నీ అమ్మేశారు. ఈసారి ఎగరకపోతే గేటుకు తాళమేనని పైవాళ్ళు తేల్చి చెప్పారు. ఆమె భర్త కూడా అక్కడే రంగులు వేస్తాడు. ఇంట్లోకి రెండు జీతాలూ ఆ గేటులోంచే రావాలి.

ఐదోసారి మడత పూర్తిచేసి, సంచిలో పెట్టి మూతి కుట్టేశాక పనిముట్లు లెక్కపెట్టింది. పద్నాలుగుండాలి. పదమూడే ఉన్నాయి. మడతల్లోంచి తాడు లాగే సన్నటి ఇనుప కొక్కెం లేదు. బల్ల కింద చూసింది, చెత్తబుట్ట బోర్లించింది, చెప్పులు సైతం దులిపింది. లేదంటే లేదు. పోనీ ఎవరినైనా తిడదామా అంటే, పద్నాలుగూ సరిపోయాయన్న కాగితం మీద పొద్దున్నే సంతకం గీకేసిన మహాతల్లి తనే! ముందు సంతకం, తర్వాత లెక్క. ఇన్నేళ్ళలో ఎన్నడూ తేడా రాలేదు కనుక అలవాటైపోయింది. పాడు అలవాటు!

మేనేజరు దగ్గరికి పరుగెత్తింది.

“సార్, విప్పాలి. కొక్కెం లోపలుందేమో!”

ఆయన కాగితం చూపించాడు. “సరిపోయాయని నువ్వే రాశావుగా?”

“లెక్కపెట్టకుండా రాశాను సార్. తప్పు నాదే.”

“చూడమ్మా, ఎగరడానికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. మళ్ళీ మడవడానికి నీకు పది రోజులు కావాలి. నీ కొక్కెం ఏ మూలో పడుంటుంది. ఇంటికెళ్ళు.”

ఇంట్లో భర్త ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

“లోపలుందని నీకు తెలుసా?”

“తెలీదు.”

“తెలీనిదానికి మూడొందల మంది నోటి దగ్గర కూడు లాగేస్తావా?”

ఆయన అన్నదాంట్లో అబద్ధమేముంది? చెబుదామంటే వినేవాడు లేడు, ఊరుకుందామంటే ఆ నలుగురూ కళ్ళముందు మెదులుతున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి సూటు కొలతలకు వచ్చినప్పుడు బల్ల దగ్గర ఆగి, “మిమ్మల్ని నమ్ముకునే వెళ్తున్నాం అక్కా” అని నవ్వింది. ఎందుకు నవ్వాలి ఆ పిల్ల? నవ్వకపోతే కాస్త నిద్రైనా పట్టేది కదా అని ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున సంచిని తీసుకెళ్ళడానికి బండి వచ్చింది. గొడుగమ్మ కత్తెర తీసుకుని కుట్టును ఈ కొస నుంచి ఆ కొస దాకా పరపరా కత్తిరించేసింది. పది రోజులు అణిచిపెట్టిన గుడ్డ ఉబికి బల్ల మీంచి నేల మీదికి జారింది.

మేనేజరు అరిచి అరిచి కుర్చీలో కూలబడ్డాడు. ఇక చేసేదేముంది, విప్పించాడు. మడత మడతా దులిపారు, తాళ్ళన్నీ తడిమారు. మధ్యాహ్నానికి గది నిండా పనివాళ్ళే. భర్త గుమ్మంలో నిలబడ్డాడు.

“లేదు,” అన్నాడు మేనేజరు. “లోపల ఏమీ లేదు.”

“హమ్మయ్య!” అంది గొడుగమ్మ.

ఆపుకుందామనుకునేలోపే నోట్లోంచి వచ్చేసింది. కంపెనీ మూతపడినందుకు ఆమెను క్షమించినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. ఆ మాటను మాత్రం ఆ గదిలో ఎవరూ క్షమించలేదు, కట్టుకున్నవాడితో సహా.