బిగించి కట్టిన గుడ్డ

మా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు కాళ్లను వంకర చేస్తాయి. పెద్దబిడ్డ పుట్టినప్పుడు మా అమ్మకు అదే భయం. రోజూ నూనె రుద్ది, కాళ్లు రెండూ సాగదీసి, దగ్గరికి చేర్చి, పాత చీర గుడ్డతో తొడల నుంచి మడమల దాకా బిగించి చుట్టేది.

"వంకర పోకుంట గట్టిగ కట్టాలె" అనేది.

బిడ్డ నడక నేర్చాక ఒక పక్కకు ఒరిగేది. అందరం నీళ్లనే తిట్టాం. ఆమె కోసం తిరగని దవాఖాన లేదని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. అన్నీ కోతలే. పోయింది ఒక్క దవాఖానకే, అదీ బాగా ఆలస్యంగా. నీళ్లు కాదు, తుంటి కీలు జారి ఉందన్నారు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే తెలిసుంటే సులువుగా కుదిరేదట. ఆపరేషన్ చేశారు. కుంటు తగ్గింది, పోలేదు.

తొంభైలలో చిన్నబిడ్డ పుట్టింది. అక్కకు ఉంది కాబట్టి చెల్లెకూ చూడాలని హైదరాబాద్ రమ్మన్నారు. పెద్దబిడ్డ కూడా వచ్చింది. కడుపులో పిల్లను చూసే మిషనే; పాప తుంటికి చల్లటి జిగురు రాసి తిప్పారు. తెర మీది ఎముకలన్నీ నేనే గుర్తుపట్టానని తర్వాత ఊళ్లో చెప్పాను గానీ, నాకు కనిపించింది బూడిదరంగు మసక.

"కీలు మంచిగనే ఉంది" అన్నది డాక్టరమ్మ. "కాళ్లు మాత్రం బిగించి కట్టొద్దు. కట్టేస్తే మంచి కీలు కూడా జారొచ్చు. కప్ప లెక్క విడిగ ఉండనియ్యండి."

పెద్దబిడ్డ తెరనే చూస్తోంది.

"నన్ను గిట్ల చూసిన్రా బాపు?"

"అప్పుడు గీ మిషన్ మనకు యాడిది బిడ్డా."

"మరి నాకు కట్టిన్రా?"

నోరు తెరిస్తే కోతలు కోసే నేను, పాప తుంటి మీది జిగురు తుడుస్తూ కూచున్నాను.

మర్నాడు మా అమ్మ పాపకు నూనె రుద్ది, అలవాటుగా గుడ్డ అందుకుంది.

"అవ్వా, చెల్లెకు కట్టకు. కట్టుడుతోనే కీలు జారుతదంట."

"నీకు గిట్లనే కట్టిన గదనే, వంకర పోకుంట..." అంటూ మా అమ్మ మధ్యలోనే ఆగిపోయింది.

పెద్దబిడ్డ ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకుని, విప్పి, పాప మీద వదులుగా కప్పింది.

మా అమ్మ వాడకట్టంతా వినేలా ఏడ్చిందని రాయాలని ఉంది. ఏడవలేదు. నూనె చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒరుగుతూ పోతున్న మనవరాలి నడకనే చూస్తూ కూచుంది.