మా అమ్మాయి కింది వరస

బేరంలో నన్ను గెలిచిన మనిషి ఈ టెక్సాస్‌లో ఇంకా పుట్టలేదు. ఒకటే రేటు అని బోర్డు పెట్టుకున్న పరుపుల షాపులో పరుపుతో పాటు రెండు దిండ్లు ఊరికే తెచ్చాను. కారు కొన్న రోజున సేల్స్‌మాన్ మూడుసార్లు లోపలికెళ్ళి మేనేజర్‌ని అడిగి వచ్చాడు. నాలుగోసారి మేనేజరే బయటికొచ్చి, నన్నొకసారి చూసి, సంతకం పెట్టేశాడు. అంతటి నేను, మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా, స్కూలు కోయిర్‌లో, అదే పాటల బృందంలో, దాని పాటకి బేరం ఆడాను. కోరింది కోరినట్టు సాధించుకుని, పార్కింగ్ లాట్‌లో నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను. నా జన్మలో అంత శుభ్రంగా గెలిచిన బేరం ఇంకోటి లేదు. అంత బుద్ధి తక్కువ పనీ లేదు.

ఈ విద్య నాకు పుట్టుకతో వచ్చింది. తెనాలిలో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. ఇటుపక్క బాబాయి బట్టల కొట్టు, అటుపక్క మావయ్య కిరాణా. బడి నుంచి వస్తూనే గల్లాపెట్టె పక్కన స్టూలెక్కి కూర్చునేదాన్ని. "రేటు చెప్పాక నోరు మూసుకోవాలమ్మాయ్. ముందు ఎవరు మాట్లాడితే వాళ్ళు తగ్గినట్టే," అనేవాడు నాన్న. పొరుగు కొట్టువాడు ఏ సరుకుని మరీ మెచ్చుకుంటున్నాడో, అది కదలక మూలన పడున్న సరుకని కూడా ఆయనే చెప్పాడు. నేను బళ్ళో నేర్చుకున్నది చాలావరకు మర్చిపోయాను. ఈ రెండూ మర్చిపోలేదు.

టెక్సాస్‌లో ఈ కాపెల్ ఊరికి వచ్చిన నాలుగో ఏడు మా అమ్మాయి ఆడపిల్లల కోయిర్‌లో చేరింది. అప్పటికింకా పాటలు సీడీల మీద ఇంటికొచ్చేవి. వాళ్ళ టీచరు ఎవరి వరస వాళ్ళకి పైకి వినబడేలా, తక్కిన వరసలు ఎక్కడో వెనక సన్నగా ఉండేలా రికార్డు చేసి ఇచ్చేది. మా అమ్మాయి గదిలో ఒకసారి అది విని, బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని పాడేది. పెద్ద నది మీద సరుకు పడవలు లాగినవాళ్ళు పాడుకున్న పాత జానపదమట. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదట. ఎవరో సంగీతం తెలిసిన మనిషి దాన్ని మూడు వరసలుగా పంచి కాగితం మీద పెట్టారట.

నది సంగతి నాకు తెలియదు గానీ, తలుపు వెనక నుంచి వచ్చేదాంట్లో నీళ్ళ కదలికే లేదు. ఒక స్వరం పట్టుకుని అక్కడే నిలబడేది. కాసేపటికి ఒక మెట్టు దిగేది, మళ్ళీ అదే మెట్టెక్కేది. వారం పాటు ఓర్చుకున్నాను.

"ఏవిటే అది? అరగంట నుంచీ ఒకే చోట నిలబడ్డావు."

"దట్స్ మై పార్ట్, అమ్మా."

"మరి పాటేదీ?"

"ట్యూన్ సొప్రానోస్‌కి ఉంటుంది, పై గొంతువాళ్ళకి. నేను ఆల్టో, కింది గొంతు."

"వాళ్ళకెందుకూ, నీకెందుకు లేదూ?"

"ఎవరో ఒకళ్ళు కింద ఉండాలి కదా!" అని తువ్వాలు తలకి చుట్టుకుని వెళ్ళిపోయింది. దాని మొహంలో ఏ దిగులూ లేదు. ఆ సంగతి నేను అప్పుడే గమనించి ఉండాల్సింది.

మా ఆయనకి మాత్రం ఆ గొంతు నచ్చింది. "ఎవరో శ్రుతి పెట్టె ఆన్ చేసి మర్చిపోయి వెళ్ళినట్టుందోయ్. హాయిగా ఉంది," అని దానికి తగ్గట్టు గడ్డం గీసుకునేవాడు.

నాకు హాయిగా లేదు. మేం పెరిగిన భజనల్లో ఇంటిల్లిపాదీ ఒకే పాట పాడేవాళ్ళు. గొంతున్నవాళ్ళు గట్టిగా, లేనివాళ్ళు ఇంకా గట్టిగా. ఒకరికి పాటిచ్చి ఇంకొకరికి పాట కింద మిగిలిందిచ్చే పద్ధతి ఎక్కడా చూడలేదు. బుర్రకథలో వంత పాడేవాళ్ళు గుర్తొచ్చారు. మా కొట్లో గిన్నె అమ్ముడుపోయి మూత ఒక్కటీ మిగిలిపోయేది, అది గుర్తొచ్చింది. నా కూతురి చేతిలో మూత పెట్టారు, వట్టి మూత, అనుకున్నాను.

పేరెంట్ మీటింగ్‌కి బయల్దేరుతుంటే మా ఆయన అడ్డం పడ్డాడు. "అదేం పరుపుల షాపు కాదు. దాన్నడిగావా అసలు?"

"పదమూడేళ్ళ పిల్లకేం తెలుసండీ, తనకేం కావాలో?"

"నీకు తెలుసన్నమాట."

"కొట్లో పుట్టినదాన్ని. సరుకు చూస్తే తెలియదూ?"

కోయిర్ టీచరు సన్నగా, పొడుగ్గా, పెన్సిల్ జుట్టులో గుచ్చుకుని ఉంది. నేను పద్ధతి ప్రకారం ముందు ఎక్కువే అడిగాను. మా అమ్మాయికి సోలో కావాలన్నాను. ఈ పాటలో సోలో అంటూ విడిగా లేదని ఆవిడ నవ్వింది. అప్పుడు కాస్త దిగి, పోనీ సొప్రానోలో వెయ్యండి అన్నాను. ఆవిడ నవ్వు ఆగింది. ఆల్టోలో ఉన్నది ఎనిమిది మందేననీ, వరస తప్పకుండా నిలబెట్టేది మా అమ్మాయేననీ, తక్కినవాళ్ళు దాని మీద ఆనుకుని పాడతారనీ, పాట మొదట్లో ఆల్టోలు మాత్రమే పాడే చిన్న ముక్క దాని ఒక్కదానికే ఇచ్చాననీ చెప్పింది. నాకింకేం కావాలి? మరీ మెచ్చుకుంటోంది, అంటే మూలన పడున్న సరుకే!

నోరు మూసుకుని కూర్చున్నాను. అమెరికావాళ్ళు మౌనానికి తట్టుకోలేరు, ఏదో ఒకటి ఇచ్చేస్తారు. ఈవిడ ఇవ్వలేదు. పాట మధ్యలో మౌనాన్ని కూడా ఒకటీ రెండూ అని లెక్కపెట్టి పాడించే మనిషాయె. చివరికి నేనే మాట్లాడాను. కచేరీకి పిల్లల పొడుగు గౌన్లన్నీ అంచులు మడిచి కుట్టాలి, ఎవరైనా అమ్మలు సాయం చేస్తారా అని ఆవిడ బల్ల మీదే ఒక కాగితం ఉంది. దాని మీద చెయ్యి వేసి, "ఇవన్నీ నేను కుట్టిపెడతాను," అన్నాను.

"అది చాలా మంచి మాట. కానీ దానికీ దీనికీ సంబంధం లేదు," అంది ఆవిడ. తర్వాత నా కళ్ళలోకి చూసి, "మీ అమ్మాయే సొప్రానోకి వెళ్ళాలనుకుంటోందా?" అని అడిగింది.

"ఆ. ఇంట్లో రోజూ అదే గోల," అన్నాను.

ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. కొట్లో ఇలాంటి మాటలు రోజుకి వంద అనేవాళ్ళం. ఆవిడ పెన్సిల్ తీసి ఏదో రాసుకుంది. "తనకి అంతగా కావాలంటే నేను అడ్డుపడను," అంది.

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి బస్సు దిగి వచ్చి, పుస్తకాల సంచీ సోఫాలో పడేసి, "నన్ను సొప్రానోలో వేశారు," అంది.

"చూశావా!" అన్నాను.

"ఊఁ," అంది. అంతే. అరుస్తుందని సిద్ధంగా ఉన్నాను, అరవలేదు. సంతోషం లోపల ఉంచుకుంది కాబోలు అని సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత బాత్రూమ్‌లో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. రెండు రోజులు చూసి, "ప్రాక్టీస్ చెయ్యవేం?" అని అడిగాను. "ఈ పార్ట్ అందరికీ వచ్చు అమ్మా. ఎవరూ ప్రాక్టీస్ చెయ్యరు," అంది. మా ఆయన గడ్డం గీసుకుంటూ, "మన శ్రుతి పెట్టె చెడిపోయిందా?" అన్నాడు. నేను మిక్సీ ఆన్ చేశాను.

మాటిచ్చాను గనక గౌన్లు కుట్టడానికి వెళ్ళాను. వాళ్ళు రిహార్సల్ చేసుకునే గదిలోనే మూలన కుర్చీ వేసి, నీలం గౌన్ల గుట్ట పక్కన పెట్టారు. పిల్లలు మెట్ల బల్లల మీద వరసలుగా నిలబడ్డారు. మా అమ్మాయి పైవరసలో, అటు చివర ఉంది. దాని పాత చోటు పక్కన నిలబడే ఉంగరాల జుట్టు పిల్ల, ఇంటికొచ్చినప్పుడల్లా నీళ్ళు తాగుతూ మా ఆవకాయ తినే పిల్ల, ఇప్పుడు ఒక్కతే పాట మొదటి ముక్క ఎత్తుకుంది. గొంతు వణికింది గానీ ముక్క పూర్తిచేసింది. తర్వాత సొప్రానోలు పాట అందుకున్నారు. బాగుంది. అంత బాగుండేసరికి ఆల్టోలు కూడా కాసేపటికి తమ దారి వదిలేసి పాట వైపు జారిపోయారు. టీచరు చేత్తో ఆపింది. మళ్ళీ మొదలు. మళ్ళీ అదే చోట జారారు. ఆ ఉంగరాల జుట్టు పిల్ల జారినప్పుడల్లా తల తిప్పి మా అమ్మాయి వైపు చూసింది. మా అమ్మాయి నేల చూసింది.

అయిదోసారో ఆరోసారో నేను సూది గుచ్చి లాగుతూ ఉండగా, ఆల్టోలు తప్పే చోటు వచ్చింది. నా గొంతులోంచి ఏదో వచ్చింది. నాకు తెలియకుండానే వచ్చింది. తలుపు వెనక నుంచి నెలరోజులు విని విని విసుక్కున్న వరస. ఒక మెట్టు దిగి, మళ్ళీ అదే మెట్టెక్కి, అక్కడే నిలబడే వరస. పైన పిల్లల పాట, కింద నా కూనిరాగం. రెండూ ఒకదాన్నొకటి తాకిన చోట నా చేతిలో సూది ఆగిపోయింది. అప్పటిదాకా బాగున్న పాట అప్పుడు పడవైంది, కింద నీళ్ళు వచ్చాయి. ఇన్నాళ్ళూ నాకు సగం పాట మాత్రమే వినబడిందని, ఆ సగం నా కూతురు మోస్తున్నదని, అది నేలకి దింపించినది నేనేనని, మూడూ ఒకేసారి తెలిశాయి.

టీచరు చెయ్యి ఆడించడం ఆపలేదు, నా వైపు చూడకుండానే తల ఊపింది. ఉంగరాల జుట్టు పిల్ల నా గొంతు పట్టుకుని నిలబడింది. మా అమ్మాయి మాత్రం పాడటం మానేసి, నోరు తెరుచుకుని, నన్నే చూస్తోంది.

ఆ సాయంత్రం దాన్ని కార్‌లో ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాను. స్టాప్ సైన్ దగ్గర అది అంది: "నీకు మొత్తం వచ్చా?"

"బాత్రూమ్ తలుపు పల్చనిది కదా."

"కొంచెం ఫ్లాట్‌గా పాడుతున్నావ్, శ్రుతికి కింద."

"ఊరుకోవే."

అది నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం చేశాను. "సొప్రానో వద్దని టీచర్‌తో ఎందుకు చెప్పలేదు?"

కిటికీ వైపు తిరిగింది. "నేనే అడిగానని నువ్వు చెప్పావంట. నో అంటే నువ్వు లై చేశావని తెలిసిపోతుంది కదా ఆవిడకి."

నేను కారు రోడ్డు పక్కకి తీసి ఆపాను. ఎండ కళ్ళలో పడుతోందని చెప్పాను. మబ్బుగా ఉంది ఆ రోజు.

మా నాన్న కొట్లో గల్లాపెట్టె పైన ఒక రేకు బోర్డు ఉండేది, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని. దాని కింద కూర్చుని పెరిగినదాన్ని. మర్నాడు పొద్దున్నే టీచర్ ముందు నిలబడటం నాకెంత కష్టమైందో వేరే చెప్పక్కర్లేదు. "మా అమ్మాయి అడగలేదు. నేను అబద్ధం చెప్పాను," అన్నాను. ఇంకా ఏవో కారణాలు కలపబోయి, నాన్న మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఈసారి మాత్రం తగ్గడానికే మూసుకున్నాను.

ఆవిడ ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టినంతసేపు ఊరుకుంది. "చెప్పినందుకు థాంక్స్. తననే అడుగుదాం," అంది.

మా అమ్మాయిని పిలిపించింది. ఆల్టోకి వెనక్కి వస్తావా అంటే, మాట పూర్తవకముందే "యస్" అంది. మొదటి ముక్క కూడా నీకే ఇచ్చెయ్యనా అని టీచరు అడిగింది. దాని మొహంలో ఆశ కనబడింది, నేను చూశాను. దాంతో పాటు గుటక కూడా చూశాను.

"నో. తను చాలా ప్రాక్టీస్ చేసింది. తనకే ఉంచండి," అంది.

నోరు తెరవబోయాను. కలిసి పాడతారేమో, చెరి సగం చేస్తారేమో, నా దగ్గర అప్పటికే మూడు బేరాలు తయారుగా ఉన్నాయి. మా అమ్మాయి నా వైపు ఒక్క చూపు చూసింది. తెరిచిన నోటితో ఆవలించినట్టు నటించాను.

కచేరీ రాత్రి స్కూలు భోజనాల హాల్లోనే స్టేజీ. నీలం గౌన్లు వెలుగులో బాగానే ఉన్నాయి, రెండు మాత్రం ఎడమ పక్కకి వాలాయి, అది నా కుట్ల మహిమే. ఉంగరాల జుట్టు పిల్ల వణక్కుండా ఎత్తుకుంది. దాని పక్కన మా అమ్మాయి, ఆ ముక్క అయ్యేదాకా పెదాలు మూసుకుని, వేళ్ళతో గౌను మీద తాళం వేస్తూ నిలబడింది. తర్వాత అందరూ కలిశారు.

మా ఆయన మెడ సాచి చూశాడు. "మనదేదీ? దాని గొంతు నాకు వినబడట్లేదోయ్."

"వినబడకూడదండీ. పాట వినండి," అన్నాను. పక్క కుర్చీ ఆవిడ నన్ను చూసి నవ్వింది. బహుశా నేను కూడా సన్నగా అదే వరస తీస్తున్నాననుకుంటాను, కొంచెం ఫ్లాట్‌గానే.

ఇక బిల్లు. నా కింద ఖర్చు: నలభై గౌన్ల అంచులు, ఒక పొద్దుటి అవమానం. మా అమ్మాయి కింద: రెండు వారాల మూగతనం, నా కోసం మోసిన ఒక అబద్ధం, మళ్ళీ రాని ఆ మొదటి ముక్క. పాడితే ఇరవై సెకన్లు ఉంటుందేమో. నాకు దక్కినది: కింది వరస వినడం వచ్చింది, దేంట్లోనైనా. దానికి దక్కినది నేను ఎంత వెతికినా కనబడలేదు. ఆ తర్వాత హైస్కూలు అయ్యేదాకా, నేను ఏ మీటింగ్‌కి చెప్పులేసుకున్నా గుమ్మం దగ్గరికొచ్చి, "అమ్మా, నువ్వేం అడగబోతున్నావో ముందు నాకు చెప్పు," అనేది. చెప్పేదాన్ని. అది వద్దంటే అడిగేదాన్ని కాదు. అలా ప్రతిసారీ ఆ బాకీ కొంచెం కొంచెం తీరుస్తూ వచ్చాను. తీరిందని అది ఇంతవరకు అనలేదు, నేనూ అడగలేదు.