ఆ ఫొటోలో ఉన్న మోచేయి నాది

ఆ రోజుల్లో మా బ్యాండులో నలుగురం ఉండేవాళ్ళం. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందేమని మీరు అడగవచ్చు. ఇన్నేళ్ళుగా చెప్తూనే ఉన్నాను, వినే నాథుడే లేడు. మొన్న మా జుట్టు (మా బ్యాండులో పాడుతూ గిటారు వాయించేవాడు, అప్పట్లో భుజాలు దాటిన జుట్టు ఉండేది కాబట్టి ఆ పేరు, ఇప్పుడు ఆ పేరు తప్ప మరేమీ మిగల్లేదు) ఫేస్‌బుక్కులో ఒక పాత ఫొటో పెట్టాడు. పైన "పిడుగు బ్యాండు, మేం ముగ్గురం, ఆ రోజులే వేరు" అని రాశాడు. ఫొటోలో మైకు ముందు తాను, చేతికి కట్టుతో డ్రమ్ముల వెనక మా డబ్బా (డ్రమ్ములు వాయించేవాడికి మేం పెట్టిన పేరు), కీబోర్డు మీదికి వంగి బావ. కుడివైపు చివర్న, అంచు కత్తిరించిన చోట, ఒక మోచేయి. ఆ మోచేయి నాది. ఆ మాటే ఫొటో కింద రాశాను. "సూపరన్నా" అని రాసిన ముక్కూ మొహం తెలియని వాళ్ళకు కూడా జుట్టు వరసగా దండాలు పెట్టాడు. నాకు మాత్రం ఒక దండమూ లేదు, ఒక మాటా లేదు. అందుకే ఆ మోచేయి వెనక ఒక మనిషి ఉన్నాడని, వాణ్ణి ఒక రోజు ఒక పెద్దాయన చెవులారా, కాదు, ఎముకలారా విన్నాడని ఇక్కడ రాస్తున్నాను.

మేం నలుగురం తిరుపతిలో డిగ్రీ చదివే పిలకాయలం. బావ అంటే జుట్టుకు నిజంగానే బావ, మాకందరికీ ఊరికే బావ. వాళ్ళ ఇంట్లో షామియానాలు, సౌండు సెట్లు బాడుగకిచ్చేవాళ్ళు, అందుకని మాకు మైకులు, స్పీకరు పెట్టెలు, ఒక పాత వ్యాను దొరికాయి. డబ్బా వాళ్ళది తిరుచానూరులో పూల వ్యాపారం, అందుకని వాయించుకోవడానికి పూలు దించే గది దొరికింది. చిత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన నా వల్ల బ్యాండుకు ఏం దొరికిందంటే, పేరు. 'పిడుగు' అన్న పేరు పెట్టింది నేను. (ఇది కూడా ఇప్పుడు జుట్టు తానే పెట్టానని చెప్పుకుంటున్నట్టు విన్నాను.) నాకు మామూలు గిటారు నేర్చుకోవాలని ఉండేది. "ఒక బ్యాండులో అట్లాంటి గిటారోడు ఒకడే ఉండాలప్పా, నువ్వు బేసు నేర్చుకో, తీగలు నాలుగే, నీకు సులబంగా ఉంటాది" అన్నాడు జుట్టు. 'నీకు' అన్న ఆ మాట నేను ఇంకా మర్చిపోలేదు. మద్రాసు పోయి పాతదొకటి కొనుక్కొచ్చాను. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అందురూ ఆరు తీగల్ది తెచ్చుకుంటే నువ్వు నాలుగు తీగల్ది తెచ్చినావే, ఆ రెండూ యాడ పోగొట్టుకున్యావు?" అన్నాడు.

బేసు గిటారంటే లావు తీగల గిటారు. పాటకు అడుగున దుం, దుం అని పోతూ ఉంటుంది. అది ఉన్నప్పుడు ఎవరికీ విడిగా వినపడదు, లేనప్పుడు మాత్రం పాటలో ఏదో తక్కువైనట్టు ఉంటుంది. (ఈ సంగతి మా వాళ్ళకు చాలాసార్లు చెప్పాను. ఒకసారి "ఏదీ, సూద్దాం" అని నన్ను ఆపి పాటంతా వాయించి, "ఏం తక్కువ కాలేదే" అన్నారు.) ఆ దుం దుం బయటికి రావడానికి బావ వాళ్ళ గోడౌనులో మూలపడి ఉన్న ఒక పెద్ద పెట్టెను నాకిచ్చారు. జాలీ చిరిగి, ఇద్దరు మోస్తే తప్ప కదలని పెట్టె. అది మోసే ఇద్దరిలో ఒకణ్ణి ఎప్పుడూ నేనే. రెండోవాడి కోసం ప్రతిసారీ బతిమాలుకోవాలి. కాలేజీ వార్షికోత్సవంలో మేం మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు ఆ పెట్టె మీద ఎవరో కాఫీ గ్లాసులు పెట్టారు. నేను వాయిస్తుంటే అవి గజగజ వణికాయి. ఆ రోజు నా సంగీతానికి కదిలిపోయినవి అవే.

పూల గదిలో బంతిపూల గుట్టల మధ్య వాయించుకునేవాళ్ళం. పూలు శబ్దాన్ని మింగేస్తాయని అప్పుడే తెలిసింది. ముందుగా నా శబ్దాన్నే మింగేవి. బయట కూచుని కనకాంబరాలు కట్టే అత్త ఒకామె రోజూ మమ్మల్ని చూసేది. ఒకరోజు నన్ను పిలిచి, "ఆ జుట్టబ్బోడు అరస్తాండాడు, ఆ పిల్లోడు డబ్బాలు కొడతాండాడు, ఇంగో పిల్లోడు హార్మనీ నొక్కతాండాడు. నువ్వేంది నాయనా, ఊరికే కడుపు గోక్కుంటా నిలబడుకోనుండావు?" అంది. పూలు కట్టే వాళ్ళందరూ నవ్వారు. వాళ్ళు నవ్వినందుకు కాదు, మా వాళ్ళు వాళ్ళకంటే గట్టిగా నవ్వినందుకు నాకు కోపం వచ్చింది.

అలా కొన్నాళ్ళు గడిచాక నగరి పక్క ఊళ్ళో కుర్రాళ్ళు ఏదో ఫంక్షను పెట్టుకుని మమ్మల్ని పిలిచారు. పరాయి ఊరివాళ్ళు మమ్మల్ని పిలవడం అదే మొదలు. బయల్దేరే ముందు జుట్టు గొంతు సవరించుకున్నాడు. "ఏమనుకోవద్దప్పా. ఆ పెట్టె వ్యాన్లో సగం తావు తింటాండాది. ఈ ప్రోగ్రాము అయినాక ముగ్గురమే సాలేమో అనుకుంటాండాం" అన్నాడు. బావ చెప్పుల వైపు చూసుకున్నాడు. డబ్బా డ్రమ్ము మరలు బిగించడంలో మునిగిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. "ఒక్క మాట. ఈరోజు జనంలో ఒక్కడు, ఒకే ఒక్కడు, నా వాయింపు బాగుండాదని నోరు తెరిచి సెప్తే నేనుంటా. లేదంటే మీరు పంపించబళ్ళేదు, నేనే పోతా" అన్నాను. జుట్టు నవ్వి, "సూద్దాం" అన్నాడు.

దారిలో నా పెట్టె మీద డబ్బా ఎక్కి కూచున్నాడు. వెనక తలుపు సరిగ్గా పడని వ్యాను అది, పెట్టె మీద కూచోవద్దని చెప్పాను. (చెప్పాను అనడానికి బావే సాక్షి, ఇప్పుడు అడిగితే గుర్తు లేదంటాడు.) వాడు వినకుండా కర్రలతో తన తొడ మీద తాళం వేసుకుంటూ కూచున్నాడు. పుత్తూరు ఇంకాస్త దూరముందనగా స్పీడు బ్రేకరు వచ్చింది. వ్యాను ఎగిరింది, పెట్టె ఎగరలేదు, డబ్బా ఎగిరి రోడ్డు మీద పడ్డాడు. ముంజేయి ఎముక విరిగింది. ఎక్కడెక్కడి నుంచో జనం విరిగిన కాళ్ళూ చేతులూ పట్టుకుని బస్సుల్లో, రైళ్ళలో పుత్తూరు కట్టుకు వస్తారు. మా డబ్బా ఆ శ్రమ లేకుండా పుత్తూరు ముందే విరగ్గొట్టుకున్నాడు. అయినా జుట్టు నా వైపు తిరిగి, "అంతా నీ పెట్టె వల్లే" అన్నాడు. పెట్టె ఎవరి మీదా పడలేదు. ఆ మాట నేను అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

పుత్తూరులో కట్టు కట్టే ఆయన డబ్బా చేయి నిమిరి, వాడు కెవ్వుమనేలోపు ఎముక సరిచేసి, ఆకుపసరూ గుడ్డు సొనా పూసి, వెదురు బద్దలు పెట్టి చుట్టేశాడు. రొంతసేపు ఈడనే కూసోని పొమ్మన్నాడు. నగరి కుర్రాళ్ళకు ఫోను చేస్తే, "పర్లేదులేన్నా, సీడీ వేసుకుంటాం" అన్నారు. అంతే, ప్రోగ్రాము పోయింది. దాంతోపాటు నన్ను వినాల్సిన ఆ ఒక్కడూ పోయాడు. ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూచుని, ఊరికి పోయేటప్పుడు గిటారు తీసుకుపోవాలా, వ్యాన్లోనే వదిలేయాలా అని ఆలోచిస్తున్నాను. చుట్టూ అరుగుల మీద, పందిరి కింద, చాపల మీద కట్లు కట్టించుకున్న జనం. ఒక ముసలామె మా వ్యాన్లోకి తొంగి చూసి, "ఏమబ్బా, ఇన్ని వాయిద్యాలు తెచ్చినారు, వాయించకుండానే పోతారా? పొద్దుపోక సస్తాండాం" అంది. జనం అడిగితే జుట్టు ఆగే రకం కాదు. టీ అంగడాయన కరెంటు ఇచ్చాడు. డబ్బా కూడా లేచి, ఒక చెయ్యి బాగుంది కదా అంటూ డ్రమ్ముల వెనక కూచున్నాడు. జుట్టు నిలబడే చోటు చూసుకుని, "ఆ పెట్టెను పక్కకు నెట్టప్పా, నా కాళ్ళకడ్డం" అన్నాడు. నెట్టాను. నెట్టిన చోట అరుగు మీద, మామిడికాయలు కోస్తూ చెట్టు మీంచి పడిన పెద్దాయన ఒకాయన కాలు చాపుకుని కూచుని ఉన్నాడు. కాలు పెట్టుకోవడానికి ఎత్తు దొరికిందని ఆయన తన కట్టు కాలును నా పెట్టె మీద పెట్టేశాడు. ఎప్పుడూ ఉన్నదే కదా అని నేను ఊరుకున్నాను.

జుట్టు పాట మొదలుపెట్టాడు. ఒంటి చేత్తో డబ్బా సగం దెబ్బలే వేయగలిగాడు. ఆ ఖాళీలన్నీ నేను దుం దుం అని నింపుకుంటూ పోయాను. పాట చివర జుట్టు అలవాటు ప్రకారం తల వెనక్కు విసిరి, రెండు చేతులూ చాపి, చప్పట్ల కోసం కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఒక్క చప్పుడు లేదు. కళ్ళు తెరిచాడు. జనమంతా వాణ్ణే చూస్తున్నారు. "కొట్టేదానికి సేతులు యాడుండాయి నాయనా? బాగనే ఉండాది, పాడు" అంది ముసలామె. ఆమెకు ఒక చేయి మెడకు వేలాడుతోంది, పక్కనున్న ఆయనకు రెండు చేతులూ కట్లే. మా బ్యాండుకు దొరికిన మొట్టమొదటి పరాయి జనం పారిపోలేనివాళ్ళు, చప్పట్లు కొట్టలేనివాళ్ళు.

అప్పుడు మామిడి పెద్దాయన చెయ్యెత్తాడు. "పాట సంగతి నాకు తెలీదు గానీ, ఈ పెట్టెలోంచి దుం, దుం అని వస్తాండాదే, అది ఎవురిది?"

"నాది" అన్నాను. "మా బ్యాండుది" అన్నాడు జుట్టు. ఇద్దరం ఒకేసారి అన్నాం.

"ఎవురిదైనా గానీ, బో బాగుండాదప్పా. ఎముకలోకి దిగతాండాది. పొద్దుట్నించీ సలుపు సలుపు అని ఏడస్తాండా, ఇప్పుడు రొంత హాయిగా ఉండాది. ఆ పిల్లోణ్ణి ఒక్కణ్ణే వాయించమను, మిగిలినోళ్ళు గమ్మునుండండి."

ఆ 'గమ్మునుండండి' అన్న మాట ఎంత తీయగా ఉందో నేను చెప్పలేను. ఒక్కణ్ణే వాయించాను. నాకు రాని పాటలు కూడా వాయించాను, ఆ అడుగు తీగల మీద ఏ పాటైనా ఒకటే కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. కాస్సేపటికి ముసలామె వచ్చి మోచేయి పెట్టె మీద ఆనించింది. ఆమె వెనక ఒకాయన కుంటుకుంటూ వచ్చాడు. "నువ్వు రెండు పాటలుగా కాలు పెట్టుకోనుండావు, లెయ్ మామా" అని పెద్దాయనతో గొడవ. "నేను ముందొచ్చినా, బస్సులో సీటనుకున్యావా?" అని ఆయన. బావ తన ఫోను ఒకాయన చేతికిచ్చి ఫొటో తీయమన్నాడు. ఆయనకు ఒక చెయ్యే బాగుంది కాబట్టి ఫొటో వంకరగా వచ్చింది. కానీ అందులో నేను పూర్తిగా ఉన్నాను, పెట్టె ఉంది, పెట్టె మీద పెద్దాయన కాలు ఉంది. (ఫేస్‌బుక్కులో పెట్టేటప్పుడు జుట్టు ఆ కాలు కనిపించకూడదని కత్తిరించి ఉంటాడని, నేను అందులో పొరపాటున పోయానని, మంచి మనసుతో అనుకుని చూశాను. కుదరలేదు.)

ఇంతలో లోపల్నుంచి కట్టు కట్టే ఆయన పరిగెత్తుకొచ్చాడు. "ఓయ్, పచ్చి కట్టును కదిలించగూడదని సెప్పి గడియ కాలేదు, ఆ పెట్టె మీద కాళ్ళేందిరా? తియ్యండి, తియ్యండి! ఎముక పక్కకు జరిగితే నేను మళ్ళీ కట్టల్ల!" అని కేకలేసి వైరు పీకేశాడు. పోలీసులు ఆపిన ప్రోగ్రాముల గురించి విన్నాను గానీ, ఎముకలు సరిచేసే ఆయన ఆపిన ప్రోగ్రాము మాది ఒక్కటే అయి ఉంటుంది.

సామాను సర్దుతూ జుట్టును అడిగాను, "ఒక్కడు సెప్పినాడు గదా?"

"ఆయనకు కాలిరిగుండాది గదప్పా, ఆయన మాట లెక్కకు రాదు."

"ఇరిగింది కాలు. చెవులు కాదు."

"లెక్కకొస్తాది" అన్నాడు డబ్బా. "ఈ పొద్దు నా తాళం గూడా వాడే మోసినాడు." అని బాగున్న చేత్తో నా పెట్టెకు ఒక పక్క పట్టుకున్నాడు. బతిమాలకుండా ఇంకొకరు ఆ పెట్టె పట్టుకోవడం అదే మొదటిసారి. బావ వచ్చి రెండో పక్క పట్టాడు. జుట్టు వ్యాను తలుపు పట్టుకుని నిలబడి, "సరే, సూద్దాం" అన్నాడు.

ఆ తర్వాత నన్ను ఎవరూ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. కొన్ని చోట్ల వాయించాం. జుట్టుకు ఉద్యోగం వచ్చింది, వాళ్ళమ్మ మొక్కు తీర్చడానికి కొండకు తీసుకుపోయి గుండు చేయించింది, జుట్టుతోపాటు బ్యాండూ అక్కడే ఆగిపోయింది. నేను చిత్తూరులో పంపుసెట్ల అంగడి పెట్టుకున్నాను. పెట్టె నా అంగట్లోనే ఉంది. ఈమధ్య మోకాలు నొప్పి మొదలైంది. సాయంత్రం బేరాలు తగ్గాక ఆ పెట్టె మీద కాలు పెట్టుకుని ఒక తీగ మీటుతాను. పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ఎముకలోకి దిగుతుంది. గుమాస్తా నవ్వుతాడు, నవ్వనీ. నాకూ కాస్త నవ్వొస్తుంది. నేను ఆ వయసులో అంత కోపం పెట్టుకుని మరీ వాయించిన పాట ఇన్నేళ్ళకు నా మోకాలికే అక్కరకొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. డబ్బా తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాడు, వచ్చే నెల గృహప్రవేశం. జుట్టు నాకు మెసేజి పంపాడు: "తప్పకుండా రావాలప్పా, భోజనాలుండాయి. ఏదో రొంత వాయిద్దామని గూడా అనుకుంటాండాం." అనుకుంటున్నది ఎవరెవరు, ఎంతమంది అని అడిగాను. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. నిన్న మాత్రం డబ్బా నుంచి ఒక మాట వచ్చింది: "నీ పెట్టె ఇంకా ఉండాదా?" ఉండాదని చెప్పాను. అంతే, ఆ తర్వాత మద్రాసు నుంచి కొత్త తీగలు తెప్పించాను, చిరిగిన జాలీ మార్పించాను, పెట్టె మీది పంపుసెట్లన్నీ కింద దించాను.

జుట్టూ, ఇది చదువుతావని నాకు తెలుసు. నన్ను పిలిచింది వాయించేదానికా, తినేదానికా? ఇన్నేళ్ళ కింద వ్యాను దగ్గర అడిగినదే మళ్ళీ అడుగుతాండా. అవునో కాదో ఒక్క మాట సెప్పప్పా. 'సూద్దాం' అని మాత్రం అనొద్దు.