చెవికి చుట్టిన జంధ్యం

తాడేపల్లిగూడెం పురోహితుడు రామమూర్తిగారికి ఆ వేసవిలో విరేచనాలు పట్టుకున్నాయని వీధి వీధంతా అనుకుంది. పట్టుకున్నది విరేచనాలు కాదండీ బాబూ, వడ్రంగం పిచ్చి!

అత్తిలిలో ఓ పెళ్లిలో అద్దెకి తెచ్చిన పీట కుంటిదై, తలంబ్రాల వేళ పెళ్లికొడుకు వెల్లకిలా పడ్డాడు. పడింది పెళ్లికొడుకు, తిట్లు తిన్నది పంతులుగారు. ఆ ఉక్రోషంలో ఆయన కరెంటు రంపం కొనుక్కొచ్చి, ఏనాడూ కారు మొహం చూడని కారు షెడ్డులో బిగించేశారు. ఇకమీదట తన పెళ్లిళ్లకి తన పీటలే!

మొదటిరోజే ఆయన భార్య ఉమామహేశ్వరి షెడ్డులోకొచ్చి ఎగాదిగా చూసింది. భుజాన కండువా, మెడలో రుద్రాక్షలు, వేళ్లకి ఉంగరాలు, గాలికి ఊగే పంచె కుచ్చెళ్లు, వీటికి తోడు జంధ్యం.

"ఏవండీ, రంపాన్ని ఇన్ని విధాల పేరంటానికి పిలుస్తారా? దర్భ పెట్టుకునే వేలు పోతే రేపు పౌరోహిత్యం ఎలా చేస్తారండీ?" అంది.

కండువా, మాల, ఉంగరాలు గూట్లోకి వెళ్లాయి. పంచె గోచీ బిగిసింది. జంధ్యం మాత్రం తియ్యకూడదు కదా! చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్లేటప్పుడు చుట్టుకున్నట్టే చెవికి చుట్టుకోమంది. తను స్విచ్‌బోర్డు పక్కన కూర్చుని తోటకూర బాగుచేసుకుంటూ ఉంటేనే మిషన్ తిరగాలంది. పనయ్యాక పది వేళ్లూ చూపిస్తేనే కాఫీ.

చెవికి జంధ్యం ఉన్నవాణ్ణి ఎవరు పలకరిస్తారు చెప్పండి? పొద్దున్న చూసినా చెవికే, సాయంత్రం చూసినా చెవికే. గేటుదాకా వచ్చినవాళ్లు "అయ్యో పాపం" అనుకుని వెనక్కి పోయేవారు. ఒకరు పల్చటి మజ్జిగ పంపారు, ఇంకొకరు ఓఆర్‌ఎస్ పొట్లాలు పంపారు. రామమూర్తిగారు అసలు సంగతి చెప్పబోతే "మాకు తెలీదా అండీ, మాట్లాడకండి, నీరసం" అని నోరు మూయించేవారు.

ఆకివీడులో చేపల చెరువులున్న అబ్బాయిరాజుగారు కూతురి పెళ్లి పనిమీద వచ్చి, రెండుసార్లు అలాగే వెళ్లిపోయారు. రెండుసార్లూ కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు, ఎడంచేత్తో ఓ దండం పడేశారు. 'చెరువుల పొగరు' అని రామమూర్తిగారు పళ్లు నూరుకున్నారు. కానీ ఆ పెళ్లి తప్పిపోతే తన పీటలు ఎవరెక్కుతారని ఒకటే బెంగ.

మూడోసారి గేటు ముందు కారు ఆగేసరికి రంపం తిరుగుతోంది. ఈసారి ఈయన్ని పోనివ్వకూడదనుకుని రామమూర్తిగారు చెవినుంచి జంధ్యం దింపేసి, గూట్లోంచి కండువా లాగి భుజాన వేసుకుని, "రండి రండి రాజుగారూ" అంటూ వంగారు. ఇంకేముంది! కండువా అంచు రంపం అందుకుంది. పంతులుగారు మిషన్‌కి సాష్టాంగపడబోయారు. ఉంగరపు వేలు రంపం పళ్లకి బెత్తెడు దూరంలో ఉండగా ఉమామహేశ్వరి తోటకూరతో సహా వెళ్లి స్విచ్ మీద పడింది.

రంపం ఆగింది. ఆవిడ మొగుడి చేతులు రెండూ పట్టుకుని ఒకటీ, రెండూ అని వేళ్లు లెక్కపెట్టింది. పదీ ఉన్నాయని తేలాక అప్పుడు భోరుమంది.

గేటు దగ్గర అబ్బాయిరాజుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. మెల్లగా వచ్చి, జేబులోంచి కుడిచెయ్యి తీశారు. ఉంగరపు వేలు మొదలంటా లేదు.

"చేపలకి ఐస్ ఆడించే మిషన్ అండి. అత్తారు పెట్టిన ఉంగరం తియ్యడానికి నామోషీ పడ్డానండి. దాన్ని పట్టుకునే లాగేసిందండి." ఆయన గొంతు తగ్గింది. "కన్యాదానంలో దర్భ ఈ వేలికే కదండి పెడతారు? లేని వేలితో పిల్లని ధారపొయ్యొచ్చో లేదో అడుగుదామని మూడుసార్లు వచ్చానండి. మీకేమో ఒంట్లో బాగోలేదాయె."

రామమూర్తిగారికి తల కొట్టేసినట్టయింది. చిరిగిన కండువా తీసి అవతల పారేశారు. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"పక్క వేలుందిగా రాజుగారూ, దానికి పెడదాం. మీ చేత్తోనే ఇద్దురుగాని పిల్లని."

అబ్బాయిరాజుగారు ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నారు. సగం తెగిన చెక్కకేసి చూశారు.

"ఆ పీట మా అమ్మాయికేనాండి?"

"అమ్మాయిగారికే."

"అయితే పూర్తిచెయ్యండి. ముందు జంధ్యం చెవికి చుట్టుకోండి. ఎవడేమనుకుంటే నాకేంటండి, నేనిక్కడే కూర్చుంటాను."

ఉమామహేశ్వరి కిందపడ్డ తోటకూర ఏరుకుని మళ్లీ స్విచ్‌బోర్డు పక్కన కూర్చుంది.