లేని చెరువులో పట్టుబడి

ఇప్పటికీ రోడ్డు మీద చేపల లారీ ఎదురైతే మొహం తిప్పుకుంటాను. వాసనకి కాదు, ఆ వాసనలో పుట్టి పెరిగినదాన్నే.

ఏలూరులో నా దగ్గర పదో తరగతి చదువుకున్న అమ్మాయి ఒకరోజు మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆమె భర్త చెరువుల్లో వల లాగే కూలీ. పెదవేగి దగ్గర పామాయిల్ తోటలో జరిగిన హత్యకి అతనికి యావజ్జీవం పడింది. చీకట్లో అతన్నే చూశామని ఇద్దరు చెప్పారు, అంతే. ఆ రాత్రి అతను కొల్లేరులో పట్టుబడికి వెళ్లాడు. చెరువులో చేపలన్నీ వలేసి పట్టి లారీకెత్తడాన్ని మేం పట్టుబడి అంటాం. తెల్లారేదాకా జట్టంతా నడుంలోతు నీళ్లలోనే ఉంది. కోర్టులో అతను ఆ మాటే చెప్పాడు. ఎవరి చెరువు, పక్కన ఎవరున్నారు అని అడిగితే మాత్రం నోరు విప్పలేదు.

ఎందుకంటే ఆ చెరువు లేదు. కొల్లేరు అభయారణ్యంలో చెరువులు తవ్వకూడదు. తవ్వారు. గట్లున్నాయి, మోటార్లున్నాయి, లారీలు తిరుగుతున్నాయి. అడిగితే అక్కడేమీ లేదంటారు. అతను ఆ రాత్రి అక్కడున్నాడని ఎవరు సాక్ష్యం చెప్పినా చెరువు ఉందని ఒప్పుకున్నట్టే. మర్నాడే పొక్లెయిన్ వచ్చి గట్టు కొట్టేస్తుంది.

హైకోర్టులో అప్పీలు వేశాం. జట్టులో ఒక్కడు వచ్చి నిజం చెప్పినా ఆశ ఉంటుందన్నారు లాయరు గారు.

అతనికి న్యాయం జరగాలని తాడేపల్లిగూడెంలో హాలు మాట్లాడి సభ పెట్టాం. కుర్చీలు చాల్లేదు. ఆ చెరువు యజమాని కూడా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. సభ అయ్యాక నా దగ్గరికొచ్చి, "చాలా అన్యాయమండీ. ప్రతి పట్టుబడికీ వాళ్లింటికి కూర చేపలు పంపిస్తూనే ఉన్నానండీ" అన్నాడు.

"అయితే ఆ రాత్రి మీ చెరువులోనే ఉన్నాడని ఒక్క మాట చెప్పండి" అన్నాను.

"భలేవారే మేడమ్ గారూ! నాకక్కడ చెరువెక్కడిదండీ?" అని నవ్వాడు.

తర్వాత ఆ చేపలు ఏం చేస్తున్నావని ఆ అమ్మాయిని అడిగాను. "వండుతున్నానండీ. పిల్లలున్నారు కదా" అంది. ఆమెని ఏమంటాను?

జట్టువాళ్లు ఆకివీడులో ఒక టీకొట్టు దగ్గర దొరికారు. "నా పక్కనే వల లాగాడండీ, ఆడు ఏ పాపం ఎరగడు" అన్నాడు ఒకాయన. మరి వచ్చి చెప్పమంటే, "చెరువు పోతే మేమందరం ఏం తినాలండీ?" అన్నాడు. వాళ్ల బతుకు నాకు తెలియనిది కాదు. అయినా అసహ్యం వేసింది. ఒక మనిషిని జైల్లో పెట్టి దాని మీద కూడు తింటున్నారు, పైగా జాలి పడుతున్నారు.

రాజమండ్రి జైలుకి ములాఖత్‌కి వెళ్లినప్పుడు అతని దగ్గర ఈ సంగతి దాచలేదు. ఎవరూ రామంటున్నారని చెప్పేశాను.

"ఆళ్ల పేర్లు నేనెక్కడా చెప్పలేదని చెప్పండి మేడమ్ గారూ. పాపం, భయపడతా ఉంటారు" అన్నాడు.

ఆ మాట మోసుకుని తిన్నగా ఆకివీడు వెళ్లాను. సిగ్గుతో చస్తారని, ఒక్కడైనా లేచి వస్తానంటాడని నా ఆశ. అతను అన్నది అన్నట్టుగా వాళ్ల ముందు చెప్పాను.

"అమ్మయ్య" అన్నాడు ఒకాయన, అందరికీ వినిపించేలాగే. "ఎంత మంచోడండీ!" అన్నాడు ఇంకొకాయన. వాళ్ల మొహాలు తేటపడ్డాయి. మేడమ్ గారికి అల్లం టీ చెప్పమని ఎవరో కేకేశారు.

నేను అక్కడే నిలబడి లాయరు గారికి ఫోన్ చేసి, జట్టులో ఒక్కరూ రారని చెప్పాను. నేను మాట్లాడటం అయ్యేదాకా వాళ్లంతా గట్టిగా మాట్లాడకుండా, ఎంతో మర్యాదగా ఆగారు.