తచివా గంటా, తిట్ల వారమూ

ఘనా దేశంలోని టెచిమన్‌లో టానో నది చేపల్ని ఎవరూ ముట్టరు. అవి నదీదేవుడి బిడ్డలు. ఎంత ఆకలిగొన్నవాడైనా వాటివంక చూసి గుటక మింగి ముందుకు సాగవలసిందే. ఆ పవిత్రత చూసే పెద్దలు ఊరి ఫుట్‌బాల్ జట్టుకు 'టానో చేపలు' అని పేరు పెట్టారు. ఇక మనవాళ్ళ జోలికి ఎవడూ రాడని వాళ్ళ ధీమా. ఈ నిషేధం పొరుగూళ్ళకు వర్తించదన్న చిన్న సంగతి ఆ సమయాన ఎవరికీ తట్టలేదు. ఆ ఏడాది వచ్చిన ప్రతి జట్టూ చేపల్ని చక్కగా వేయించుకు తిని, చేతులు కడుక్కుని బస్సెక్కింది.

ఈ దుర్గతిలో కూడా జట్టుకు అభిమానుల సంఘం ఉంది. అధ్యక్షుడు అమెయావ్ గారు చావులకు కుర్చీలూ షామియానాలూ అద్దెకిస్తారు కనక గంభీరంగా ఉండటం ఆయన వృత్తిధర్మం. ఆటల రోజున కూడా అదే మొహంతో వచ్చేవారు. ఫలితాలు దానికి తగినట్టే ఉండేవి.

అధ్యక్షుడు మొహమైతే, సంఘానికి గొంతు తచివా. లారీల అడ్డా దగ్గర కుంపటి పెట్టుకుని అరటికాయలు కాల్చి, గుప్పెడు వేరుశనగపప్పుతో అమ్ముతుంది. పొగ మింగీ మింగీ ఆవిడ గొంతు తుప్పుపట్టిన గేటులా తయారైంది. ఆ గేటు తెరుచుకుంటే మాత్రం మైదానం అవతల మేకలు కూడా తలెత్తి చూసేవి. చేతిలో సంఘంవారి ఇనుప గంట ఉండేది. ఆవిడ గంట కొడితే డప్పులు అందుకోవాలి, డప్పులు అందుకుంటే జనం అందుకోవాలి. పెళ్ళికాని రోజుల నుంచీ ఆ గంట ఆవిడ చేతిలోనే ఉంది. పెళ్ళి జరిగింది, మొగుడు కుమాసి వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు, ఈవిడ గంట మాత్రం వదల్లేదు. "వాడు పోతే పోయాడు, గంట పోతే నేనెవర్ని?" అనేది.

ఆ ఏడాది చిక్కంతా గోలీ, అంటే గోలు కాసేవాడి దగ్గర వచ్చింది. గోలీ పేరు న్సియా. పొడుగ్గా, తాటిచెట్టు నీడలా ఉంటాడు. అంత పొడుగు చేతులున్నా బంతి వాటి మధ్యనుంచి పోయేది, కాళ్ళ మధ్యనుంచి పోయేది, ఒకసారి ఎటునుంచి పోయిందో అతనికే తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే వలలో ఉంది. అక్కడ మొదలైంది అరుపు. "ఎవే! ఎవే!" వీణ్ణి బయటికి పంపండి అని దానర్థం. ఘనా దేశంలో ఆటగాడి చెవిన ఆ మాట పడిందంటే శనిదేవుడు భుజం తట్టినట్టే.

తచివా ఊరుకోలేదు. డప్పులవాళ్ళను, తన వెంట ఉండే ఆడవాళ్ళను కూడగట్టుకుని సరాసరి న్సియా గోలు వెనక నిలబడింది. జనం "ఎవే" అన్నప్పుడల్లా గంట దంచేది. ఆ మోతలో ఎవే లేదు, దేవుడు లేడు. ఆ తర్వాత ఆటకీ అంతే, ఆ తర్వాతదానికీ అంతే. చిత్రమేమిటంటే ఈవిడ ఎంత దంచితే గోల్స్ అంత ఎక్కువ పడుతున్నాయి.

ఒక సాయంత్రం అమెయావ్ గారు కుంపటి ముందుకొచ్చి నిలబడ్డారు. వెనక సంఘం పెద్దలు నలుగురైదుగురు నిలబడ్డారు, శవం లేదు గానీ ఊరేగింపు లక్షణాలన్నీ ఉన్నాయి.

"తచివా, ఆ గోలీ నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. నా అరటికాయ కూడా కొనడు. ఎదురుబండి దగ్గర అన్నమూ అలసందలూ తింటాడు."

"మరి ఎందుకు వెనకేసుకొస్తున్నావు? డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవాడికి అరిచే హక్కు లేదా? నీ అరటికాయ మాడితే కొన్నవాడు ఊరుకుంటాడా?"

"ఊరుకోడు పెద్దాయనా. 'తచివా, మాడింది' అంటాడు. కుంపటి చుట్టూ ఊరంతా చేరి ఊళ పెట్టదు. పెడితే రెండోది కూడా మాడుతుంది."

వెనకున్నవాళ్ళలో ఒకడు కిసుక్కుమని, అధ్యక్షుడి వీపు చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

"అయితే ఎవణ్ణీ ఏమీ అనకూడదంటావు?"

"అదెప్పుడన్నాను?" తచివా అరటికాయ తిరగేసింది. "మన పెద్దలు తిట్టడానికి ఒక వారం పెట్టారా లేదా? అపో వస్తోందిగా. ఆ వారం రాజుగారినైనా తిడతాం. మొహం మీద, పేరు పెట్టి, కారణం చెప్పి, పాట కట్టి మరీ తిడతాం. తిట్టించుకున్నవాడు తలొంచుకుని వింటాడు. పండగ అయిపోయాక ఇద్దరూ మరిచిపోతారు. మీ ఎవేకి మొహముందా? కారణముందా? గుంపులో దూరి రాయి విసరటానికి మగతనం ఎందుకు, చెయ్యుంటే చాలు."

అమెయావ్ గారు ఈ ప్రసంగాన్ని, పోయినవాళ్ళ బంధువుల బేరాన్ని విన్నంత ఓపికగా విని, తన ధర చెప్పారు. "అపో వెళ్ళాక వచ్చే ఆదివారం ఆఖరి ఆట. గెలవక్కర్లేదు, సమానంగా ముగించినా ఈ స్థాయిలో మిగులుతాం. ఓడితే కింది స్థాయికి పోతాం, అక్కడ మైదానాల్లో పందులు తిరుగుతాయి. ఆ ఆటలో నీ గోలీ ఒక్క గోలు వదిలినా గంట సంఘానికి అప్పజెప్పాలి. సమ్మతమేనా?"

చుట్టూ లారీ డ్రైవర్లు మూగారు. తచివా పటకారుతో ఒక అరటికాయ ఎత్తి పట్టుకుంది.

"సమ్మతమే. అరటికాయ కావాలా? మాడింది లేదు."

అపో వచ్చింది. ఊరు ఊరంతా చినిగిన బట్టలు కట్టుకుని, మొహాలకు మసి పూసుకుని వీధుల్లో పడింది. కోడళ్ళు అత్తల్ని తిట్టారు, అప్పటిదాకా దాచుకున్న వడ్డీతో సహా. బడిపిల్లలు హెడ్మాస్టరు నడక నడిచి చూపించారు. అమెయావ్ గారి ఇంటి ముందు ఎవరో మంచి బాణీలో, ఆయన కుర్చీల్లో కూర్చుంటే పోయినవాడే నయమనిపిస్తుందని పాడారు. ఆయన శాస్త్రోక్తంగా తలొంచుకుని విన్నారు.

తచివా పొద్దున్నే గంట పట్టుకుని న్సియా అద్దెగది ముందు నిలబడింది. వెనక ఊళ్ళో సగముంది. ఆవిడ ఏడాది పొడుగునా ఒక్క మాట అనకుండా దాచుకుంది. దాచిన చింతపండు పులుపెక్కదా? పాట ఇలా సాగింది: న్సియా చేతులు తాటిమట్టలు, ఊగుతాయి గానీ పట్టవు, న్సియా గోలుకు కాపలా కాదు, గోలుకు వచ్చిన చుట్టం, బంతి వస్తే తప్పుకుని దారిస్తాడు, అంత మర్యాదస్తుడు, వీడు పుట్టగానే వాళ్ళమ్మ పట్టుకుంది గనక బతికాడు, ఆ పట్టే పని వీడికే ఇచ్చి ఉంటే బిడ్డ నేల మీద పడేది.

జనం నవ్వి నవ్వి కూలబడ్డారు. న్సియా గుమ్మంలో తలొంచుకుని నిలబడి అంతా విన్నాడు. పాట అయ్యాక తచివా గంట చంకన పెట్టుకుని అంది:

"అయింది నాయనా. ఇక నా కడుపులో ఏమీ లేదు. ఆదివారం నీ వెనకే ఉంటాను."

న్సియా ఆ మాట విని, భయపడ్డవాడిలా చూశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు.

మర్నాడు కుంపటి రాజుకుంటూండగానే డప్పులు వినిపించాయి. చూస్తే న్సియా. వెనక జట్టు మొత్తం, మొహాలకు మసి. అపోలో తిట్టు రెండువైపులా పదునున్న కత్తి. ఆటగాళ్ళు కూడా ఊరివాళ్ళే, వాళ్ళకూ నోరుంటుందన్న సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ ఊహించలేదు. ముందు అభిమానుల వాటా పాడారు: గోడ కన్నంలోంచి దూరివచ్చి టిక్కెట్టు కొన్నవాడికన్నా పెద్దగా అరిచేవాళ్ళు, రెండో సగం మొత్తం కుర్చీలో గురకపెట్టి లేవగానే "ఎవే" అనే అధ్యక్షులు. లారీల అడ్డా ఊగిపోయింది. అప్పుడు న్సియా ఒక అడుగు ముందుకు వేశాడు.

"పెద్దమ్మా, ఇది నీ పాట."

"పాడు," అంది తచివా, నడుం మీద చెయ్యి వేసుకుని. ఆవిడ నవ్వడానికి సిద్ధంగానే ఉంది.

పాట బాగోలేదు. బాణీ కుదరలేదు. కానీ మాటలు తేటగా వినపడ్డాయి. "నా వెనక గంట ఉంది, గంట వెనక పెద్దమ్మ ఉంది. రక్షణవాడు 'నేను తీసుకుంటున్నా' అంటాడు, నాకు గంట వినిపిస్తుంది. నేను 'నాది, వదిలెయ్' అంటాను, వాడికి గంట వినిపిస్తుంది. ఇద్దరం పోతాం, లేదా ఇద్దరం ఆగుతాం. బంతి మధ్యనుంచి పోతుంది. ఎవే అన్నవాళ్ళు నా గుండె కోశారు పెద్దమ్మా, నువ్వు నా చెవులు కోశావు."

ఎవరూ నవ్వలేదు. మిగతా ఏడాదిలో ఒక కుర్రవాడు తన తల్లి వయసు మనిషితో ఈ మాట అనలేడు. అంటే నాలుక చీరేస్తారు. అందుకే అతను గోల్సన్నీ మింగి ఊరుకున్నాడు.

తచివా నోరు తెరిచింది. కానీ అపోలో బదులు చెప్పకూడదు. మూసింది. కుంపటి మీద అరటికాయలు మాడుతున్న వాసన వేసింది. కొనేవాళ్ళెవరూ ఆ మాట చెప్పటానికి సాహసించలేదు.

ఆ సాయంత్రం డప్పులవాళ్ళనూ ఆడవాళ్ళనూ పిలిపించింది.

"ఆదివారం మనం గోలు వెనక ఉండం. తూర్పువైపు, ఆ ఎవే అనేవాళ్ళ నడిమధ్యన కూర్చుంటాం. బంతి మధ్యగీత దాటి అవతలికి పోతే పాట. ఇవతలికొస్తే ఊపిరి కూడా మెల్లిగా పీల్చాలి."

"మన జనం నోరు మూసుకుంటారా అక్కా?" అన్నాడు పెద్దడప్పు కొట్టే అతను. "చావింట్లో కూడా మూయరే!"

"మూయిస్తాను."

"వాడు గోలు వదిలితే నీ గంట?"

"గంట సంగతి నాది. బంతి సంగతి వాడిది. ఎవరి పని వాళ్ళు చేద్దాం."

ఆదివారం నాటికి అపో ముగిసింది, ఊరు మొహం కడుక్కుంది. తచివా చెప్పినట్టే తూర్పు గట్టున కూర్చుంది. బంతి ఇవతలికి వచ్చినప్పుడల్లా లేచి జనంవైపు తిరిగి నిలబడేది, ఆటకు వీపు పెట్టి. ఎవడి పెదవి కదిలినా ఆ పెదవివంక చూసేది. ఆ చూపుకు గోడ దూకినవాళ్ళు కూడా పద్ధతిగా కూర్చున్నారు. అలా సగం ఆట ఆవిడ చూడనేలేదు. మొదటిసారి మైదానంలో న్సియా గొంతు వినిపించింది: "నాది!" జనం ఉలిక్కిపడ్డారు. ఆ తాటిమట్ట చేతులు బంతిని పట్టుకున్నాయి.

చేపలు ఒక గోలు వేశాయి కూడా. దేవుడికి ఎందుకు దయ కలిగిందో తెలియదు. కానీ రెండో సగంలో అవతలివాడొకడు దూరంనుంచి బంతిని తన్నాడు. అది గాలిలో వంపు తిరిగి మూలలోకి పోయింది. అందులో న్సియా తప్పు వెతకాలంటే అతన్ని ఇంకా పొడుగ్గా కననందుకు వాళ్ళమ్మను అడగాలి. అయినా గోలు గోలే.

తచివా ఎవరి మాట కోసమూ ఆగలేదు. నడిచి వెళ్ళి, కుర్చీలోంచి అప్పుడే కళ్ళు నులుముకుంటున్న అమెయావ్ గారి ఒడిలో గంట పెట్టింది. వచ్చి తన చోట కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

అధికారం చేతికొచ్చిన మనిషి కదా, అమెయావ్ గారు లేచి గంట దంచటం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే అవతలివాళ్ళకు కార్నర్ వచ్చింది. న్సియా రెండు చేతులూ ఊపాడు. ఆయన దాన్ని అభినందనగా స్వీకరించి ఇంకా దంచారు.

తూర్పు గట్టు ఒక్కసారిగా లేచింది. "ఎవే! ఎవే! అధ్యక్షుడు ఎవే!"

గంట ఆగింది. ఆయన మొహంలో గాంభీర్యం జారిపోయి, కింద ఒక ముసలాయన కనిపించాడు. పక్కనున్న ఆడవాళ్ళు తచివాను పొడిచారు. "అనవే! ఇప్పుడన్నా అను!"

తచివా లేచింది. జనంవైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తింది. చేతిలో గంట లేదు, వెనక డప్పు లేదు, ఆ తుప్పుపట్టిన గేటు మాత్రమే ఉంది.

"అపో అయిపోయింది! ఆయన మీద పాట కడతాను, బాణీ కూడా తట్టింది. వచ్చే ఏడాది వాళ్ళింటి ముందు పాడుకుందాం. ఇవాళ నోరెత్తినవాడికి నా కుంపటి దగ్గర అరటికాయ లేదు, వాడి పిల్లలకీ లేదు!"

గట్టు కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో మూలనుంచి బంతి లేచింది. "నాది!" అన్న కేక ఒకటి, తోటివాడు తప్పుకున్న అడుగుల చప్పుడు ఒకటి, తర్వాత బంతి అరచేతులకు తగిలిన దెబ్బ ఒకటి, మూడూ వరసగా వినిపించాయి.

న్సియా బంతిని దూరంగా విసిరాడు. అది మధ్యగీత దాటింది. పాట రావలసిన చోట పాట రాలేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమెయావ్ గారు మెల్లిగా గట్టెక్కి వచ్చి, గంటను తచివా పక్కన నేలమీద పెట్టి, తను కూడా అక్కడే చతికిలబడ్డారు.

"పందెం పందెమే పెద్దాయనా," అంది ఆవిడ. "గంట మీది."

"నాదే," అన్నారాయన, మైదానంవంకే చూస్తూ. "బంతి అవతలికి పోయింది. నా గంట కొట్టవేం?"