ఇరవై ఆరు సూదులు, నాలుగు సీమంతాలు

పోయినవన్నీ ముందు లెక్క చెబుతాను. సూదులు ఇరవై ఆరు, రెండు వారాలకొకటి చొప్పున ఏడాది. ఆ తర్వాత ఒళ్ళు కోలుకోవడానికి పద్నాలుగు నెలలు. ఈలోగా మా ఆవిడకు ముప్పై ఏడు దాటాయి. నాలుగు సీమంతాల్లో గాజుల పళ్ళెం ఆమె చేతికి రాలేదు.

నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో లోడు లెక్కలు చూస్తాను. చదివింది ఏడో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవి. పెళ్ళయి మూడేళ్ళయినా పిల్లలు కలగకపోతే పరీక్ష చేయించుకున్నాను. వీర్యకణాలు మిల్లీలీటరుకు తొంభై లక్షలు, ఉండాల్సినదానికంటే తక్కువ. దాని కిందే చీముకణాలు ఎక్కువని ఇంకో వరుస ఉంది. నేను పెద్ద అంకె ఒక్కటే చూశాను.

గిద్దలూరు దగ్గర మా పల్లెలో సూదులేసే ఆర్‌ఎంపీ కూడా అదే చూశాడు.

"ఏముందన్నా, మగ హార్మోను తగ్గింది. సూదులు పడితే ఎద్దు మాదిరి అయితావు."

నిజంగానే బలం వచ్చింది. సూదికొక గీత డైరీలో గీసుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. లోపం ఆమెదేనని చుట్టాలు అనుకుంటుంటే ఊరుకున్నాను. మా వాళ్ళలో సీమంతానికి పిల్లల తల్లులే గాజులు తొడగాలి. మొదటి సీమంతం కనిగిరిలో, నన్ను పెంచిన పెద్దమ్మ ఇంట్లో. మా ఆవిడ పళ్ళెం దగ్గరికొచ్చేసరికి, "నువ్వు కూచోమ్మా, నీకెందుకు శ్రమ" అంది పెద్దమ్మ. నేను వరండాలో విస్తళ్ళు లెక్కపెడుతున్నాను. విన్నాను.

ఏడాదికి ఒంగోలులో మళ్ళీ పరీక్ష చేశారు. సున్నా. సూదుల సంగతి విని డాక్టరమ్మ అడిగింది:

"తయారైన పలకలు బయటి నుంచి లారీల్లో దిగుతుంటే మీ ఓనరు మిషన్లు నడుపుతాడా?"

"ఎందుకు నడుపుతాడు మేడం, కరెంటు దండగ."

"మీ ఒంట్లోనూ అంతే. రక్తంలో హార్మోను నిండుగా ఉందని మెదడు వృషణాలకు పని చెప్పడం మానేసింది."

తర్వాత పాత రిపోర్టులో నేను వదిలేసిన వరుస మీద వేలు పెట్టింది.

"ఇవి తెల్లకణాలు, ఒంటికి కాపలావాళ్ళు. ఇన్ఫెక్షన్ ఉంటే గుంపుగా వస్తాయి. ఆ కొట్లాటలో వీర్యకణాలూ దెబ్బతింటాయి. ముందు దీని సంగతి చూడాల్సింది."

ఆ సాయంత్రం రెండు రిపోర్టులూ, డైరీ మా ఆవిడ ముందు పెట్టాను. గీతలన్నీ వేలితో లెక్కపెట్టింది.

"ఏందయ్యా, ఇన్ని గీతలు గీసినావు, నాకొక్క మాట చెప్పలేకపోయినావా?"

డైరీ మూసి నా ముందుకు తోసింది.

"పిల్లల సంగతి తర్వాత. ఆ సీమంతాలు జరిగిన నాలుగిళ్ళకు పోయి, లోపం నీదేనని నీ నోటితో చెప్పు. నేను చెప్తే మొగుణ్ణి ఆడిపోసుకుంటాందంటారు."

సూదులు ఆపి, మాత్రలు వాడాను. ఆరో నెలకు రెండు లక్షలు, పద్నాలుగో నెలకు కోటీ ఇరవై లక్షలు. అంకె తిరిగొచ్చింది. బిడ్డ రాలేదు.

ఇళ్ళకు పోవడం మొదలుపెట్టాను. ముందు బావమరిది ఇల్లు.

"పాత సంగతి ఇప్పుడెందుకు బావా?" అని నవ్వాడు.

"నీకు పాతది. మీ అక్కకు కాదు," అన్నాను. నవ్వు ఆపాడు.

ఇంకో రెండిళ్ళలోనూ చెప్పాను. కనిగిరికి రెండుసార్లు బస్సెక్కాను. రెండుసార్లూ బస్టాండులో టీ తాగి, వచ్చిన బస్సుకే వెనక్కి వచ్చాను. పెద్దమ్మకు ఎనభై దాటాయి. మా ఆవిడ ఏమీ అడగదు, టికెట్టు మాత్రం జేబులోంచి తీసి చూస్తుంది.

నాలుగిళ్ళలో మూడు పోను, బాకీ ఒకటి.